దిల్‌సుఖ్‌నగర్ - ఎల్.బి.నగర్: పురపాలక వ్యవస్థ, ముహల్లా బాధ్యత

మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ వద్ద బయలుదేరి మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ మీదుగా హయత్‌నగర్ వైపు సాగిపోయే విజయవాడ రహదారి, హైదరాబాదు పురపాలన చరిత్రను వరుసగా తెలిపే దారి. ఈ ఒక్క దారి మీద మూడు కాలాలలో మూడు విలీనాలు జరిగినవి. చాదర్‌ఘాట్ 1886లో నగరం నుండి వేరుపడి ప్రత్యేక మునిసిపాలిటీగా ఏర్పడింది. 1933లో మళ్ళీ నగరంలో కలిసిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకొని ఉండిన గడ్డిఅన్నారం మునిసిపాలిటీ, దాని తూర్పున ఉండిన ఎల్.బి.నగర్ మునిసిపాలిటీ 2007 ఏప్రిల్ 16న గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో లీనమైనవి. ఇంకా అవతల ఉండిన మీర్‌పేట, బడంగ్‌పేట, తుర్కయాంజాల్, పెద్ద అంబర్‌పేట 2025 డిసెంబరులో అదే దారి పట్టినవి.

ప్రతి విలీనంలోనూ ప్రభుత్వం చెప్పే కారణం ఒకటే. రోడ్లు, నీరు, మురుగు కాలువలు పెద్ద ప్రణాళికలో చేరాలి. చిన్న సంస్థలకు అంత ధనం లేదు. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. అయితే ప్రతి విలీనంలోనూ సామాన్య పౌరునికీ, అతని మొర వినవలసిన అధికారికీ మధ్య దూరం కొంత పెరుగుతుంది. ఆ దూరాన్ని పూరించవలసిన వారెవరు అన్న ప్రశ్న ముస్లిం పాఠకునికి కొత్తది కాదు. ఇస్లామీ ధర్మశాస్త్రం హిస్బా అనే పేరుతో దీనిని వేయి సంవత్సరాలుగా చర్చిస్తూనే ఉన్నది.

ముందుగా ఈ ప్రాంతపు పేర్లు. నిజాముల కాలంలో ఇక్కడి పొలాలకు యజమానియైన దిల్‌సుఖ్ రాం ప్రసాద్ పేరు మీద దిల్‌సుఖ్‌నగర్ వెలిసినదని చెబుతారు. ఎల్.బి.నగర్ అనగా లాల్ బహదూర్ నగర్. 1966లో తాష్కెంటులో కన్నుమూసిన ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి పేరు. ఇంకా తూర్పున ఉన్న హయత్‌నగర్, ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయాత్ బఖ్షీ బేగం పేరును నిలుపుకొన్నది. పదిహేడవ శతాబ్దపు మస్జిదు ఒకటి నేటికీ అక్కడ ఆమె పేరుతోనే ఉన్నది. ఒక హిందూ భూస్వామి, ఒక జాతీయ నాయకుడు, ఒక కుతుబ్‌షాహీ రాజమాత - ఎనిమిది, పది కిలోమీటర్ల దారిలో ముగ్గురి జ్ఞాపకం! ఇక్కడి జనసముదాయం కూడా అదే రీతిలో కలగలిసినది. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి వచ్చిన ఉద్యోగులు, విద్యార్థులు, వ్యాపారులు. పాతనగరం నుండి, మలక్‌పేట నుండి అద్దె ఇండ్ల కోసం తూర్పుకు జరిగిన ముస్లిం కుటుంబాలు. జిల్లాల నుండి వచ్చి, ఇంట ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే ముస్లింలు. పాతనగరంలో ముహల్లా, మస్జిదు, ఖబరస్తాన్ ఒకే చోట ఉంటాయి. ఇక్కడ అటువంటి కూర్పు లేదు. ముస్లిం కుటుంబాలు కాలనీలలో అక్కడొకటి, ఇక్కడొకటిగా ఉన్నవి.

2001 జనాభా లెక్కల ప్రకారం గడ్డిఅన్నారం మునిసిపాలిటీలో 53,622 మంది, ఎల్.బి.నగర్ మునిసిపాలిటీలో 2,61,987 మంది ఉండిరి. ఆ లెక్క తీసిన ఆరు సంవత్సరాలకే ఈ రెండూ, మరి పది మునిసిపాలిటీలూ, కొన్ని గ్రామ పంచాయతీలూ పాత హైదరాబాద్ నగరపాలక సంస్థతో కలిపి ఒకే పెద్ద సంస్థగా చేయబడినవి. సుమారు 170 చదరపు కిలోమీటర్ల నగరం 600 చదరపు కిలోమీటర్లు దాటింది. 2011 నాటికి దాని జనాభా 67 లక్షల పైమాట; వార్డులు 150. అంటే సగటున ఒక్కొక్క కార్పొరేటరు నలభై అయిదు వేల మందికి ప్రతినిధి. పాత గడ్డిఅన్నారంలో అంతకంటే కొంచెం ఎక్కువ జనాభాకు ఒక ఛైర్మను, ఒక కౌన్సిలు, ఒక కమీషనరు, ఒక కార్యాలయం ఉండేవి.

ఇతర దేశాలలో ఈ కొలత ఎట్లున్నదో చూస్తే విషయం మరింత స్పష్టపడుతుంది. అమెరికాలో బరో అని పిలువబడే చిన్న పురపాలక సంఘాలు ఉన్నవి. ఒక్క పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే అవి తొమ్మిది వందలకు పైగా ఉన్నవి. పొరుగు రాష్ట్రమైన న్యూజెర్సీలో ప్యాటర్సన్ నగరాన్ని ఆనుకొని ప్రాస్పెక్ట్ పార్క్ అనే బరో ఒకటి ఉన్నది. 1901లో ఏర్పడినది. వైశాల్యం అర చదరపు మైలుకు లోపు; జనాభా ఆరు వేల పైచిలుకు. మన దగ్గర ఒక మోస్తరు కాలనీల సముదాయం అంత. అయినా దానికి ఒక మేయరు, ఆరుగురు సభ్యుల కౌన్సిలు ఉన్నారు. మేయరును ప్రజలు నేరుగా నాలుగు సంవత్సరాలకు ఎన్నుకొంటారు. కౌన్సిలు సభ్యుల పదవీకాలం మూడు సంవత్సరాలు. ఏటా ఇద్దరి స్థానాలకు ఎన్నిక జరుగుతుంది. కనుక కౌన్సిలు మొత్తం ఒకేసారి ఖాళీ కావడమన్నది ఉండదు. మేయరు సమావేశానికి అధ్యక్షత వహిస్తాడు. ఓట్లు సమానంగా చీలినప్పుడు మాత్రమే తన ఓటు వేస్తాడు. డచ్చి వలసదారులు స్థాపించిన ఈ చిన్న ఊరికి సిరియా దేశంలో జన్మించిన ముహమ్మద్ ఖైరుల్లా అనే ముస్లిం 2005లో మేయరై, అటుపిమ్మట అనేక పర్యాయాలు ఎన్నికైనాడు. ఆరు వేల మందిలో అభ్యర్థి ప్రతి గడప ఎక్కగలడు. ప్రతి ఓటరు అతనిని ముఖం చూసి ఎరుగును. అక్కడ మతం, వర్ణం, పుట్టిన దేశం కంటే ముఖపరిచయం బలమైనదిగా పనిచేసి ఉండవచ్చు. చిన్నతనంలోని మేలు ఇదే. కీడు కూడా ఉన్నది: అంత చిన్న సంఘం తన పన్నులతో పెద్ద కాలువ త్రవ్వలేదు, పెద్ద ఆసుపత్రి కట్టలేదు.

హైదరాబాదు దీనికి సరిగ్గా రెండవ కొస. 1955 నాటి చట్టం ప్రకారం నగరపాలక సంస్థలో నిర్వహణాధికారం కమీషనరుది. ఆయన రాష్ట్ర ప్రభుత్వం నియమించే అధికారి. తీర్మానించేది పాలకమండలి, నిత్య వ్యవహారాలకు స్థాయీ సంఘం. నగరాన్ని జోన్లుగా, జోన్లను సర్కిళ్ళుగా, సర్కిళ్ళను వార్డులుగా విభజించారు. జోనుకు జోనల్ కమీషనరు, సర్కిలుకు డిప్యూటీ కమీషనరు అధిపతులు. 2002లో మేయరును ప్రజలే నేరుగా ఎన్నుకొన్నారు. 2009 నుండి జరిగిన ఎన్నికలలో కార్పొరేటర్లు, వారితోపాటు ఓటుహక్కు గల శాసనసభ, పార్లమెంటు సభ్యులు కలిసి ఎన్నుకొంటూ వచ్చారు.

ఈ విభజన వలన కలిగే చిక్కు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నంతగా మరెక్కడా కనబడదు. 150 వార్డుల కాలంలో నాగోల్ నుండి గడ్డిఅన్నారం దాకా 11 నుండి 23 వరకు ఉండిన వార్డులు ఈ ప్రాంతానివి. గడ్డిఅన్నారం వార్డు సరూర్‌నగర్ సర్కిలులో, ఎల్.బి.నగర్ జోనులో, రంగారెడ్డి జిల్లాలో ఉండేది. దాని ప్రక్కనే ఉన్న మూసారాంబాగ్ వార్డు మలక్‌పేట సర్కిలులో, చార్మినార్ జోనులో, హైదరాబాదు జిల్లాలో ఉండేది. శాసనసభ నియోజకవర్గాలు సరేసరి: ఒకటి ఎల్.బి.నగర్, ఒకటి మలక్‌పేట, సరూర్‌నగర్, ఆర్.కె.పురం వార్డులేమో మహేశ్వరం! ఒకే మస్జిదులో ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడిన ఇద్దరు నమాజీలు వేర్వేరు జిల్లాల, వేర్వేరు జోన్ల, వేర్వేరు శాసనసభ్యుల పరిధిలోని వారై ఉండడం ఇక్కడ వింత కాదు. వీధిదీపం ఆరిపోయినదని ఫిర్యాదు చేయబోయిన వాడు ముందుగా తెలుసుకోవలసినది దీపం సంగతి కాదు, స్తంభం ఏ సర్కిలుదన్న సంగతి. 2025 డిసెంబరులో 27 పురపాలక సంస్థలను కలిపినప్పుడు వార్డులు 300కు, సర్కిళ్ళు 60కి, జోన్లు 12కు పెంచబడినవి. అందువలన పాత సంఖ్యలను కంఠస్థం చేసినవారు కూడా మళ్ళీ మొదటి పాఠం చదువుకోవలసి వచ్చినది.

పైగా అన్ని పనులూ ఈ సంస్థవి కావు. చెత్త, వీధుల శుభ్రత, కాలనీ రోడ్లు, వీధిదీపాలు, ఇంటి నిర్మాణానికి అనుమతి, ఆస్తిపన్ను, జనన మరణాల నమోదు నగరపాలక సంస్థవి. త్రాగునీరు, మురుగునీరు 1989 నాటి ప్రత్యేక చట్టంతో ఏర్పడిన జలమండలివి. విద్యుత్తు దక్షిణ తెలంగాణ పంపిణీ సంస్థది. ఖబరస్తాన్ భూమి వక్ఫ్ అయినట్లయితే దాని పర్యవేక్షణ వక్ఫ్ బోర్డుది. కుళాయిలో మురికినీరు వచ్చినందుకు కార్పొరేటరు మీద కోపగించుకొనేవారు, చెత్తబండి రానందుకు జలమండలికి విన్నవించుకొనేవారు కొల్లలు. కోపం న్యాయమైనదే, చిరునామా తప్పు.

హిస్బా ఏమి నేర్పుతుంది?

హిజ్రీ 450లో (క్రీ.శ. 1058) బాగ్దాదులో మరణించిన ఇమాం మావర్దీ తన "అల్-అహ్కాముస్-సుల్తానియ్యా" గ్రంథంలోని చివరి ప్రకరణాన్ని పూర్తిగా హిస్బాకు కేటాయించారు. మంచిని ఆజ్ఞాపించడం, చెడును నిరోధించడం ప్రతి ముస్లింకూ వర్తించే ఆదేశమే. అయితే ప్రభుత్వం నియమించిన ముహ్‌తసిబ్‌కు, స్వచ్ఛందంగా ఆ పని చేసేవానికి మధ్య ఆయన తొమ్మిది తేడాలు చూపారు. మొదటి తేడా ఇక్కడ ముఖ్యం. ముహ్‌తసిబ్‌కు అది పదవి మూలంగా ఫర్జె ఐన్, అనగా వ్యక్తిగతంగా తప్పనిసరి విధి. ఇతరులకు ఫర్జె కిఫాయా, అనగా సమాజం మొత్తం మీద ఉన్న విధి. కొందరు నెరవేర్చితే అందరి మీద నుండి దిగిపోతుంది. ఎవరూ చేయకపోతే అందరూ దోషులు. స్వచ్ఛందంగా చేసేవాడు మరొక పని ఉన్నదని ప్రక్కకు తొలగవచ్చు. ముహ్‌తసిబ్ తొలగరాదు. మొరపెట్టుకొన్నవానికి బదులు చెప్పడం ముహ్‌తసిబ్‌కు తప్పనిసరి, మొదటివానికి కాదు.

ముహ్‌తసిబ్ అంటే మార్కెట్టులో తూనికలు పరీక్షించేవాడని మాత్రమే చాలామంది తలుస్తారు. మావర్దీ వర్ణించిన ముహ్‌తసిబ్ పని అంతకంటే విశాలమైనది. బాటసారుల దారికి అడ్డంగా కట్టడాలు ముందుకు జరపకుండా చూడడం, పశువుల మీద మోయలేని బరువు వేయకుండా చూడడం కూడా ఆ పనిలోనివే. పట్టణపు నీటి వసతి చెడినా, ప్రాకారం కూలినా, మస్జిదులు శిథిలమైనా బైతుల్‌మాల్ నుండి బాగు చేయించాలి. బైతుల్‌మాల్‌లో ధనం లేనప్పుడు ఆ బాధ్యత ఊరిలో స్తోమత గలవారందరి మీదకు వస్తుంది. నేటి మునిసిపల్ చట్టంలోని అధ్యాయాలను దీని ప్రక్కన పెట్టి చూసిన వారికి విషయసూచికలో పోలిక కనబడక మానదు.

హిస్బా వ్యవస్థను, 1955 చట్టం క్రింది సెక్యులర్ సంస్థను ఒకటే అనడం పొరపాటు. పోలిక పని విషయంలోనే. ఆ పని ఎవరు చేసినా ముస్లిం దృష్టిలో అది అమానత్. అమానతులను అర్హులకు అప్పగించమన్న ఆదేశం అన్నిసా సూరాలో ఉన్నది (4:58). విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో సాగుతాయన్న వర్ణన అష్షూరా సూరాలో ఉన్నది (42:38). దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. వీధి శుభ్రతను మత విషయం కాదని కొట్టివేసేవారు ఈ హదీసును దాటిపోవలసి ఉంటుంది. మదీనా మార్కెట్టు వ్యవహారాలలో కొంత బాధ్యతను హజ్రత్ ఉమర్ (రజి) షిఫా బిన్తె అబ్దుల్లా (రజి) అనే మహిళకు అప్పగించినట్లు ఒక ఉల్లేఖనం ఉన్నది. దాని ప్రామాణికత మీద పండితులలో భేదాభిప్రాయం కూడా ఉన్నది. నగరపాలక ఎన్నికలలో సగం వార్డులు స్త్రీలకు ప్రత్యేకింపబడుతున్న కాలంలో ఆ చర్చను తిరిగి చదవడం ఉపయోగకరం.

మావర్దీ చెప్పిన తేడాలను దిల్‌సుఖ్‌నగర్‌కు అన్వయిస్తే సంగతి ఇది: సంస్థ పెద్దదైనకొద్దీ ముహ్‌తసిబ్ ముహల్లాకు దూరమవుతాడు, దానితో ఫర్జె కిఫాయా బరువు పెరుగుతుంది. ఆ ముహ్‌తసిబ్ స్థానం ఖాళీగా ఉన్న కాలాలు కూడా ఉన్నవి. 1991 నుండి 2002 వరకు హైదరాబాదుకు ఎన్నికైన పాలకమండలి లేదు. 2007 నుండి 2009 వరకు లేదు, ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం నగరంలో కలిసిన తొలి రెండేండ్లు ఇవే. 2014 డిసెంబరు నుండి 2016 ఫిబ్రవరి వరకు లేదు. 2021 ఫిబ్రవరిలో బాధ్యత చేపట్టిన మండలి అయిదేండ్ల గడువు 2026 ఫిబ్రవరితో తీరినది. ఇటువంటి కాలాలలో ప్రత్యేకాధికారి పాలిస్తాడు. ఆయన సమర్థుడే కావచ్చు. కానీ జుమా నమాజు తర్వాత మస్జిదు మెట్ల మీద ఆపి నిలదీయడానికి ఆయన దొరకడు.

చెరువు ఒకటి, సరిహద్దులు మూడు

పెద్ద సంస్థ అవసరాన్ని సరూర్‌నగర్ చెరువు కథ బోధిస్తుంది. ఇది 1626లో, కుతుబ్‌షాహీల కాలంలో కట్టబడిన చెరువు. పొలాలు తడపడానికి త్రవ్వినది. పొలాలు కాలనీలైన తర్వాత తడపవలసినది లేకపోయినా నీరు రావడం మానలేదు. ఎగువన మీర్‌పేట, బడంగ్‌పేట వైపు చెరువులు నిండి అలుగు పారితే ఆ నీరు దీనిలోకి వస్తుంది. ఇది నిండితే దిగువ కాలనీల మీదుగా నాలా ద్వారా మూసీకి చేరాలి. ఎగువ చెరువులు చాలాకాలం వేరు పంచాయతీలవి, ఆ పిమ్మట వేరు మునిసిపాలిటీలవి. దిగువ నాలా నగరానిది. నీటికి ఈ సరిహద్దులు తెలియవు.

2020 అక్టోబరు 13, 14 తేదీల వర్షానికి చెరువు పొంగి కోదండరాంనగర్ మొదలైన కాలనీలు మునిగిపోయినవి. నేలంతస్తుల ఇండ్లలో బియ్యం, బట్టలు, సర్టిఫికెట్లు తడిసిపోయినవి. మరుసటి సంవత్సరం మళ్ళీ నీరు వచ్చినది. అటుపిమ్మట నాలాల విస్తరణకు ప్రత్యేక కార్యక్రమం చేపట్టబడినది. చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024 జూలైలో హైడ్రా అనే సంస్థ ఏర్పాటైనది. ఈ పనులు ఆరు వేల మంది బరో చేయగలవి కావు, 53 వేల మంది గడ్డిఅన్నారం చేయగలిగినవీ కావు. విలీనాన్ని పూర్తిగా తప్పుపట్టేవారు ఈ చెరువు కట్ట మీద ఒకసారి నిలబడి ఎగువకు, దిగువకు చూడవలసి ఉంటుంది. అయితే నాలా మీద పిట్టగోడ ఎవరు కట్టారో, తూము ఎవరు పూడ్చారో మొదట తెలిసేది పొరుగువానికే, జోనల్ కార్యాలయానికి కాదు. పొరుగువాడు తన మతస్తుడని ఊరుకొనడం, పరాయి మతస్తుడని భయపడి ఊరుకొనడం - రెండూ నీటికి దారి ఇవ్వవు.

పేరు, పుట్టుక, మరణం

ఇక ప్రతి కుటుంబానికీ తప్పక తగిలే విషయం జనన మరణాల నమోదు. 1969 చట్టం ప్రకారం 21 దినాలలో సమాచారం ఇవ్వాలి. ఆసుపత్రిలో కాన్పు అయితే ఆ పని ఆసుపత్రిది; ఇంటి వద్ద అయితే ఇంటి పెద్దది. ఆ గడువు దాటితే ఆలస్య రుసుము; నెల దాటితే పై అధికారి అనుమతి; సంవత్సరం దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అకీఖా ఏడవనాడు చేసి పేరు పెట్టే సున్నత్‌ను పాటించే కుటుంబానికి 21 దినాల గడువు ఇబ్బంది కాదు. ఏడవనాడు నిర్ణయించిన పేరును మరునాడే నమోదు చేయించవచ్చు. పేరు లేకుండా పుట్టుక మాత్రం నమోదైతే, సంవత్సరంలోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తర్వాత రుసుముతో 15 సంవత్సరాల వరకు వీలున్నది.

ఈ పత్రం విలువ ఇటీవల చాలా పెరిగినది. 2023లో చట్టం సవరించబడినది. 2023 అక్టోబరు 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవారికి బడిలో చేరడం మొదలు ఓటరు నమోదు, డ్రైవింగు లైసెన్సు, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగం వరకు పుట్టిన తేదీకి, స్థలానికి జనన ధ్రువపత్రమే రుజువు. మస్జిదు రిజిస్టరులో వ్రాసుకొన్న తేదీ, బడి పంతులుగారు ఉజ్జాయింపుగా వేసిన జూన్ 1వ తేదీ ఇక పనికిరావు.

ముస్లిం కుటుంబాలకు ఇందులో ఒక ప్రత్యేక కష్టం ఉన్నది. ముహమ్మద్ అనే పవిత్రనామం ఒక పత్రంలో "మొహమ్మద్", మరొక దానిలో "మహ్మద్", మూడవదానిలో "ఎం.డి." అని పడుతుంది. షేక్ "ఎస్.కె." అవుతుంది. తల్లి పేరు ఆసుపత్రిలో "బేగం", రేషను కార్డులో "బీ", ఆధారు కార్డులో "ఉన్నిసా". దరఖాస్తులో ఇంటిపేరు అని అడుగుతారు; ఇంటిపేరు సంప్రదాయం లేని కుటుంబం అక్కడ తాతగారి పేరో, ఊరి పేరో, షేక్ అనో వ్రాస్తుంది. గుమాస్తా తప్పు కొంత ఉండవచ్చు. కానీ చెప్పినవాడు నాలుగు చోట్ల నాలుగు విధాలుగా చెప్పాడన్నది కూడా నిజమే. ఈ చిన్న అక్షరభేదం పాస్‌పోర్టు దగ్గర, హజ్ దరఖాస్తు దగ్గర, వారసత్వం దగ్గర పెద్దదై ఎదురు నిలుస్తుంది. బిడ్డ పేరును తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఏ అక్షరాలతో వ్రాయాలో ఒక కాగితం మీద వ్రాసి, నమోదుకు వెళ్ళేవాని చేతికి ఇవ్వడం ఖర్చులేని పని. అకీఖా విందు ఖర్చులో వందో వంతు శ్రద్ధ దీని మీద పెట్టే ఇండ్లు మాత్రం తక్కువ.

మరణ నమోదు విషయంలో అశ్రద్ధ ఇంకా ఎక్కువ. జనాజాను ఆలస్యం చేయరాదన్న బోధనను పాటించి అదేరోజు ఖననం చేస్తారు. అది ఉత్తమమే. ఇంటివద్ద మరణించినవారి విషయంలో ఆ తర్వాత నమోదు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆరు నెలల తర్వాత బ్యాంకులో, పింఛను కార్యాలయంలో, తహసీలు కచేరీలో పత్రం అడిగినప్పుడు వితంతువు కష్టపడుతుంది. సంతానం ఉన్నప్పుడు ఆమెకు ఎనిమిదవ వంతు, లేనప్పుడు నాలుగవ వంతు దివ్యఖుర్ఆన్ నిర్ణయించిన భాగం. మహ్ర్ చెల్లించకపోతే అది భర్త ఆస్తి మీద ఋణం. ఆ హక్కును అందుకొనడానికి నేటి కచేరీలు అడిగే మొదటి కాగితం సర్కిల్ కార్యాలయంలో నమోదై ఉండవలసిన ఈ మరణ ధ్రువపత్రమే.

ఖబరస్తాన్ సమస్య దీనితో ముడిపడినదే. రాజ్యాంగ 74వ సవరణతో చేరిన పన్నెండవ షెడ్యూలు పురపాలక సంస్థలకు అప్పగింపదగినవిగా 18 విషయాలు పేర్కొన్నది. జనన మరణాల గణాంకాలు, నమోదు వాటిలో ఒకటి. ఖనన, దహన వాటికలు మరొకటి. అయినా తూర్పు శివారులో పొలాలను లేఅవుట్లుగా విడగొట్టినప్పుడు రోడ్లకు, పార్కులకు చోటు చూపించారే గాని, శవాన్ని పూడ్చడానికి చోటు ఎక్కడని అడిగినవారు తక్కువ. ఈ మాట ముస్లింలకే కాదు, అందరికీ వర్తిస్తుంది. అందువలన కొత్త కాలనీల జనాజాలు పాత గ్రామాల ఖబరస్తాన్లకో, ఊరిలోని బంధువుల ఖబరస్తాన్లకో పోతున్నవి. ఉన్న ఖబరస్తాన్‌కు హద్దులు కొలిపించడం, వక్ఫ్ రికార్డులో అది ఎంత విస్తీర్ణంగా ఉన్నదో చూసుకొనడం, రెవెన్యూ రికార్డుతో సరిపోల్చడం - ఇవి ముతవల్లీ, మస్జిదు కమిటీ కలిసి ప్రశాంతంగా ఉన్న రోజులలో చేసుకోవలసిన పనులు. వివాదం వచ్చిన తర్వాత పత్రాల కోసం వెదికేవారికి పత్రాలు దొరకడం కష్టం.

చట్టం పౌరునికి ఇచ్చిన తలుపులు కూడా కొన్ని ఉన్నవి. రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణం మూడు లక్షలు దాటిన పురపాలక సంస్థలలో వార్డు కమిటీలు ఉండాలని చెప్పినది. వార్డు కమిటీల క్రింద ఏరియా సభలకు కూడా 2008లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసినది. ప్రాస్పెక్ట్ పార్క్‌లో ఆరు వేల మందికి ఉన్న కౌన్సిలుకు మన దగ్గర సమీపమైన రూపం ఏదైనా ఉన్నదంటే అది ఈ ఏరియా సభయే. మస్జిదు కమిటీకి ఎన్నికల మీద ఉన్న ఆసక్తిలో సగం వార్డు కమిటీలో ఎవరున్నారన్న దాని మీద ఉంటే ముహల్లా కాలువ సంగతి వేరుగా ఉండేదేమో. కాలనీ సంక్షేమ సంఘాలలో ముస్లిం కుటుంబాలు చందా ఇచ్చి ఊరుకొనకుండా సమావేశానికి హాజరు కావడం కూడా ఇటువంటిదే. చెదురుగా ఉన్నవారికి తమ తమ కాలనీల పొరుగువారితో కలిసి అడగడం తప్ప వేరే మార్గం లేదు.

2020 డిసెంబరు నగరపాలక ఎన్నికలలో ఓటు వేసినవారు నూటికి సుమారు 46 మంది. మిగిలిన 54 మందిలో వేయడం ఇష్టంలేనివారు కొందరైతే, జాబితాలో పేరు లేనివారు, పేరు పాత చిరునామాలో ఉన్నవారు మరికొందరు. అద్దె ఇండ్లు మారే కుటుంబాలకు ఇది నిత్యసమస్య. మలక్‌పేట నుండి చైతన్యపురికి, అక్కడి నుండి వనస్థలిపురానికి మారిన కుటుంబం పేరు మలక్‌పేటలోనే ఉండిపోతుంది. వార్డు ఓటర్ల జాబితా శాసనసభ నియోజకవర్గపు జాబితా నుండే తయారవుతుంది. కనుక అక్కడ చిరునామా మారనిదే వార్డులో పేరు రాదు. నివాసం మారినవారు దాఖలు చేయవలసినది ఫారం 8. కొత్త ఇంటి కిరాయి ఒడంబడికగాని, ఆ చిరునామా ఉన్న మరొక గుర్తింపుగాని జతపరచాలి. జాబితా ప్రకటించినప్పుడు ఇంటిల్లిపాది పేర్లు, స్త్రీల పేర్లతో సహా, అక్షరం అక్షరం చూసుకోవాలి. అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది దినాలే.